నెలకు 2 డెనారీలు: బబతా కాగితాల వెంట ఎనిమిది రోజులు

మేము తిరిగొచ్చి నాలుగు రోజులే అయింది. పెట్టె దులిపితే బట్టల మడతల్లోంచి ఇంకా ఖర్జూరం గింజలు రాలుతున్నాయి. మరిచిపోకముందే రాసుకుంటున్నాను.

మా నాన్న తెనాలిలో దస్తావేజు లేఖరి. వేసవి సెలవుల్లో ఆయన బల్ల పక్కన కూర్చుని, "తూర్పు ఫలానావారి చేను, దక్షిణం డొంక" అని ఆయన చెబుతుంటే చిత్తుకాగితం మీద హద్దులు రాసేదాన్ని. కొన్నేళ్ళ కిందట బబతా కాగితాల అనువాదం చదువుతూ, "హద్దులు: బాట, సముద్రం" అన్న చోట ఆగిపోయాను. రోమన్ల పాలనలో, క్రీ.శ. 127లో, ఒక యూదు స్త్రీ తన ఖర్జూరపు తోటకు రాయించుకున్న హద్దులవి. అక్షరం రాని మనిషి ఆమె. తన ఆస్తికీ, పెళ్ళికీ, అప్పుకీ, వ్యాజ్యానికీ సంబంధించిన 35 పత్రాలను తోలుసంచిలో పెట్టుకుని ఒక కొండగుహకు పారిపోయింది. 1961లో ఇజ్రాయెల్ పురావస్తు పండితుడు యిగాయెల్ యాదిన్ బృందానికి ఆ సంచి దొరికింది. వాటిలో అన్నిటికన్నా పాతది క్రీ.శ. 94 నాటిది, ఆఖరుది 132 నాటిది. కొన్ని గ్రీకులో, కొన్ని అప్పటి యూదుల వాడుకభాష అరామియాలో, కొన్ని ఆ ప్రాంతాన్ని రోముకు ముందు ఏలిన నబతీయుల లిపిలో ఉన్నాయి.

ఆమె తిరిగిన ఊళ్ళు చూడాలని అప్పటినుంచీ కోరిక. మా పిన్ని తోడొస్తానంది. పిన్ని 29 ఏళ్ళకే భర్తను పోగొట్టుకుని, చిన్న కొడుకుతో రెండెకరాల కోసం పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగిన మనిషి. బబతా సంగతి చెప్పగానే, "ఆ కాగితాలు చూద్దాం పద" అంది.

జనవరి 8, మాదబా నుంచి రబ్బా

అమ్మాన్‌కు దక్షిణంగా, జోర్డాన్ దేశంలోని మాదబాలో ఒక చర్చి ఉంది. దాని నేల మీద ఆరో శతాబ్దంలో రంగురాళ్ళతో అమర్చిన పటం ఉంది. మృత సముద్రం దక్షిణపు కొస దగ్గర జోఆరా అనే ఊరు, దాని చుట్టూ చెట్లు. "తాడిచెట్లా?" అంది పిన్ని వంగి. ఖర్జూరపు చెట్లు. బబతా పుట్టిన మహోజా ఆ జోఆరా పరిధిలో ఉండేది.

అక్కణ్ణుంచి పాత రాజమార్గం మీద రబ్బాకు వెళ్ళాం. రోమన్ల కాలంలో దాని పేరు రబ్బత్ మోఆబ్. ఇప్పుడు రోడ్డు పక్కన ఇనుప కంచెలో ఒక చిన్న రోమన్ గుడి శిథిలం, వెనక బంతి ఆడుకుంటున్న పిల్లలు. గుడి తర్వాతి కాలానిదే. కానీ బబతా వచ్చింది ఈ ఊరికే. 127 డిసెంబరు 2న ఇక్కడే తన నాలుగు తోటలను పన్నుల జాబితాలో రాయించింది. 106లో రోము నబతీయ రాజ్యాన్ని కలుపుకుని అరేబియా రాష్ట్రంగా చేసింది. ఆ తర్వాత జరిగిన జనాభా, ఆస్తి లెక్కింపు అది. గవర్నరు పేరు సెక్స్టియస్ ఫ్లోరెంటినస్. ఒక తోట పేరు అల్గిఫియామ్మా. విస్తీర్ణం చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది: ఇన్ని కొలతల బార్లీ విత్తనాలు పట్టే నేల అని రాశారు. మన పెద్దవాళ్ళు కుంచెడు విత్తనాల మడి, పుట్టెడు విత్తనాల నేల అనేవాళ్ళు కదా, అచ్చం అదే. సాతా అంటే అప్పటి గింజల కొలత. ఆ తోట పన్ను 15 సాతాల సిరియా, కలగలుపు ఖర్జూరం, 10 సాతాల చీలిక ఖర్జూరం. పైన కిరీటం పన్ను డబ్బు రూపంలో. చివర సీజరు పేరు మీద ప్రమాణం. ఆమె తరఫున రెండో భర్త యెహూదా రాశాడు. రెండు రోజుల తర్వాత ప్రిస్కస్ అనే సైనికాధికారి "అందినది" అని సంతకం పెట్టాడు. అసలు ప్రతి ఇక్కడి సభామండపంలో ప్రకటించి ఉంది. బబతా సంచిలో దొరికింది దాని నకలు. సరిచూసిన నకలు అని దాని మీదే రాసి ఉంది.

గుడి ఎదురుగా ఎరువుల కొట్టాయన మమ్మల్ని లోపలికి పిలిచి కాఫీ పోశాడు. గుక్కెడే పడుతుంది గిన్నెలో, చేదు, ఏలకుల వాసన. పిన్ని తాగి కింద పెడితే మళ్ళీ పోశాడు, మళ్ళీ తాగింది, మళ్ళీ పోశాడు. నాలుగోసారి మా డ్రైవరు నవ్వి, గిన్నెను రెండు వేళ్ళతో అటూ ఇటూ ఊపి చూపించాడు. చాలు అనడానికి గుర్తు అదట. డబ్బిస్తే ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

మధ్యాహ్నం కెరక్‌లో మన్‌సఫ్ తిన్నాం, మనిషికి 7 దీనార్లు. ఎండబెట్టిన పెరుగు ఉండల్ని నీళ్ళలో కరిగించి అందులో గొర్రెమాంసం ఉడికిస్తారు, అన్నం మీద పోస్తారు. ఆ పెరుగు ఉండలకు కెరక్ పెట్టింది పేరు. పిన్ని మాంసం పక్కకు నెట్టి, "పుల్లటి మజ్జిగ పులుసమ్మాయ్" అంటూ కలుపుకుని కుడిచేత్తో తిన్నది. పక్క బల్లమీద ముసలాయన కూడా చేత్తోనే తింటున్నాడు. చెమ్చాలతో తింటున్న కుర్రాళ్ళకు పిన్నిని చూపించి ఏదో అన్నాడు. వాళ్ళు సిగ్గుపడ్డారు.

జనవరి 9, సాఫీ

కెరక్ నుంచి దిగుతుంటే చెవులు దిబ్బళ్ళు వేశాయి. రబ్బా సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటుంది. పాత జోఆరా ఉన్న చోటే ఇప్పటి సాఫీ, అది 300 మీటర్లకు పైగా కింద ఉంటుంది. పైన స్వెట్టర్లు, కింద చెమట. బబతా గాడిద మీదో నడిచో ఈ ఎత్తంతా ఎక్కిందన్నమాట, నాలుగు తోటల లెక్క రాయించడానికి.

దారి తప్పాం. మ్యూజియం మలుపు దాటిపోయి తిన్నగా పొటాష్ ఫ్యాక్టరీ గేటు ముందు తేలాం. కాపలావాడు డ్రైవరుతో పది నిమిషాలు కబుర్లాడి, రెండు కుటుంబాలకూ దూరపు బంధుత్వం ఉందని తేల్చుకున్నాక దారి చెప్పాడు.

ఇప్పుడు సాఫీలో ఖర్జూరం తక్కువ, టమాటా ఎక్కువ. జనవరి పంటకాలం. రోడ్డు పొడుగునా పెట్టెలు పేర్చి ఉన్నాయి. చేనిగట్టున కూలీలకు వండుతున్న ఒకావిడ పిన్నిని "హజ్జా, రా" అని పిలిచింది. పెద్దవయసు ఆడవాళ్ళను ఇక్కడ అలా గౌరవంగా పిలుస్తారు. ఇనుప మూకుడులో ఆలివ్ నూనె, పచ్చిమిర్చి, టమాటా ముక్కలు వేసి మగ్గనిచ్చి, మూకుడు అలాగే కింద పెట్టి అందరూ రొట్టెతో అద్దుకుని తినడమే. గలాయెత్ బందూరా అంటారు. పిన్ని ఇంకో మిరపకాయ అడిగింది. ఆవిడ మొహం విప్పారింది.

మ్యూజియం, బైబిల్లోని లోతు అనే ఆయన పేరున్న గుహ కొండకింద ఉంది. జోఆరా శ్మశానంలో దొరికిన సమాధి రాళ్ళు వరసగా నిలబెట్టారు. బబతా తర్వాత రెండు మూడు వందల ఏళ్ళకు ఈ ఊళ్ళోవాళ్ళ పేర్లు, వయసులు, చనిపోయిన తేదీలు వాటిమీద ఉన్నాయి. క్రైస్తవులు గ్రీకులో చెక్కించారు. ఇదే ఊరి యూదుల రాళ్ళమీద, అరామియాలో, యెరూషలేము ఆలయం కూలిన నాటి నుంచి లెక్కపెట్టిన సంవత్సరం వేశారు. ఊరికి తేదీ వేసుకునే అలవాటు ఉంది. బబతా కాగితాల్లోనూ అంతే: ఏటా మారే రోమన్ పెద్ద అధికారులైన కాన్సుల్‌ల పేర్లు, చక్రవర్తి ఏలుబడి, అరేబియా రాష్ట్రం పుట్టిన లెక్క, అన్నీ ఒకే పత్రం మీద వేశారు. ఎవరూ తేదీ మీద వంక పెట్టకుండా చూసుకున్నారు. మా నాన్న చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

సాయంత్రం సముద్రం వైపు నడిచాం. "బాట, సముద్రం" అన్న ఆ తోట ఏ మూలన ఉండేదో గాని, సముద్రం ఇప్పుడు ఇక్కడ లేదు. ఉత్తరాన నీరు ఏటా మీటరు చొప్పున దిగిపోతోంది. ఇక్కడున్నవి ఉప్పు కట్టే మడులు. ఆ హద్దు పట్టుకుని వస్తే సర్వేయరుకు తోట దొరకదు.

జనవరి 10, పెట్రా

కొండల్లో తొలిచిన నబతీయుల పాత రాజధాని పెట్రాకు ఒక్కరోజు టికెట్టు 50 దీనార్లు. ఇద్దరికీ 100. ఈ యాత్రలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఇదే. దీనార్ అన్న మాట రోమన్ల వెండినాణెం డెనారియస్ (ఎక్కువైతే డెనారీలు) నుంచే వచ్చింది కాబట్టి చెల్లించేటప్పుడల్లా నాకు బబతా గుర్తొస్తూనే ఉంది.

ఇక్కడి సంగతి కాస్త నిదానంగా చెప్పాలి.

బబతా మొదటి భర్త పేరు యేషువా, కొడుకు పేరూ అదే. 124 నాటికి భర్త పోయాడు. పిల్లవాడు మైనరు. తల్లి ఉన్నా సరే, మైనరు ఆస్తికి మగ సంరక్షకులు ఉండాలి. పెట్రా నగరసభ ఇద్దర్ని నియమించింది. ఒకడు నబతీయుడు అబ్దోబ్దాస్, ఇంకొకడు యూదుడు, ఎగ్లాస్ కొడుకు యోహాను. ఆ తీర్మానం ఇక్కడి అఫ్రొదీతె గుడిలో ప్రకటించారు. దానికీ బబతా నకలు తీయించుకుంది. సంరక్షకులు పిల్లవాడి పోషణకు నెలకు 2 డెనారీలు ఇచ్చేవాళ్ళు. 125 అక్టోబరులో ఆమె వాళ్ళ మీద ఫిర్యాదు రాయించింది. అందులో ఉన్నది ఉన్నట్టు మన లెక్కలో చెబుతాను. మీరు మా వాడి సొమ్ముకు నూటికి అర్ధ డెనారియస్ వడ్డీ కడుతున్నారు. ఆ సొమ్ము నా చేతికివ్వండి, దాని విలువకు సరిపడా నా ఆస్తి తాకట్టు పెడతాను, నేను నూటికి ఒకటిన్నర కడతాను, నా కొడుకు దర్జాగా పెరుగుతాడు.

నెలకు, నూటికి. మన ఊళ్ళల్లో వడ్డీ మాట్లాడుకునే పద్ధతే. ఎవరూ పన్నెండు శాతం అనరు, నూటికి రూపాయి అంటారు. పిన్నికి వివరించనక్కరలేదు. సిక్ ఇరుకుసందులో నడుస్తూనే వేళ్ళమీద లెక్క కట్టింది. "అర్ధ రూపాయి వడ్డీకి రెండొస్తే అసలు నాలుగొందలు. రూపాయిన్నరకైతే నెలకు ఆరు. మూడింతలు. ఇస్తే పోయిందేముంది వాళ్ళకి?" కాసేపాగి, "ఇవ్వరు. మిగతాది ఎవరు తింటున్నట్టు మరి" అంది.

ఆ ఫిర్యాదు చివర, ఆమెకు రాయడం రానందున ఎలియాజరు అనే అతను రాసినట్టు ఉంది. నాన్న బల్ల దగ్గర నేను ఎన్నోసార్లు రాసిన వాక్యమే అది.

ఖజానా అని పిలిచే రాతికట్టడం దగ్గర జనం ఎక్కువ. అందరి వెంటా నడిచి మేము మఠం మెట్ల దారి పట్టాం. వందెక్కాక పిన్ని మోకాలు పట్టుకుని కూర్చుండిపోయింది. అప్పుడు పటం చూస్తే మాకు కావలసింది పూర్తిగా అటువైపు, రాజసమాధుల వరస చివర. వెనక్కి నడిచి, సేజ్ ఆకు వేసిన టీ ఒకచోట తాగి, మూడు గంటలకు ఫ్లోరెంటినస్ సమాధి ముందు నిలబడ్డాం. రబ్బా పత్రంలో ఉన్న గవర్నరే. పైన గద్ద, లాటిన్ అక్షరాలు. ఎర్రరాయి గాలికి అరిగిపోయింది. మా పక్కన ఎవరూ లేరు. ఆ పేరు రాతిమీదా చూశాను, బబతా కాగితం మీదా చదివాను. కాగితం మీది అక్షరాలే బాగా నిలిచాయి.

జనవరి 12, యెరూషలేము

ప్రయాణం సంగతి రాయను. పాతనగరంలో ఒక ముసలాయన కొట్లో హుమ్ముస్ తిన్నాం. పచ్చి ఉల్లిపాయను నాలుగు పొరలుగా విడదీసి, దానితోనే ముంచుకు తినమని చూపించాడు. 25 షెకెళ్ళు. రాత్రి గదిలో పిన్నికి మిగతా కథ చెప్పాను.

బబతా రెండో భర్త యెహూదా, మృత సముద్రం పడమటి ఒడ్డున ఉన్న ఏన్‌గెదీ ఊరివాడు. వాళ్ళ పెళ్ళిపత్రం అరామియాలో యెహూదా స్వహస్తంతో రాసిందే. మనిషి అప్పులవాడు. 124 మే 6న ఒక రోమన్ శతాధిపతి దగ్గర 60 డెనారీలు తీసుకుని ఏన్‌గెదీలో తండ్రి గారి లోగిలి తాకట్టు పెట్టాడు. వడ్డీ నూటికి ఒకటి. 128 ఫిబ్రవరి 21న బబతా దగ్గరే 300 డెనారీలు తీసుకున్నట్టు పత్రం రాశాడు. ఆరు వారాలకు, ఏప్రిల్ 5న, మొదటి భార్య కూతురు షెలంసియోన్ పెళ్ళి. పెళ్ళి ఖర్చుకేనని నా ఊహ. పదకొండు రోజుల తర్వాత ఆ కూతురికే ఏన్‌గెదీ లోగిలి రాసిచ్చాడు, సగం వెంటనే, సగం తన తదనంతరం.

130 నాటికి యెహూదా పోయాడు. బబతా తన స్త్రీధనం, అప్పు కింద అతని ఖర్జూరపు తోటలు పట్టుకుంది, ఆ ఏడు పంట అమ్మింది. అటు మొదటి భార్య మిర్యం ఇంట్లో సామానంతా తీసుకుపోయిందని బబతా ఆరోపణ. యెహూదా ఆస్తి జోలికి రావద్దని ముందే చెప్పానని మిర్యం జవాబు. 131 జులైలో ఇద్దరూ ఒకరినొకరు గవర్నరు ఎదుటికి పిలిపించుకున్నారు. ఆ కాగితంలో యెహూదాను "నాకూ నీకూ భర్త" అని రాయించింది బబతా.

పిన్ని ఎవరి పక్షమూ మాట్లాడలేదు. "ఇద్దరూ కాగితం మీదే కొట్టుకున్నారు. నయం" అంది.

జనవరి 13, ఏన్‌గెదీ, నహల్ హేవెర్

శుక్రవారం. పొద్దుగూకేలోపు యెరూషలేము చేరాలి, తర్వాత బస్సులుండవు. మా గైడు యెరూషలేము ఆవిడ, యాభై పైబడిన మనిషి, కారు తనే నడిపింది.

ఏన్‌గెదీలో మంచినీటి ఊటలు, కొండమేకలు, ఎండలో పడుకున్న కుందేళ్ళలాంటి జంతువులు. యెహూదా లోగిలి ఇక్కడెక్కడో. శతాధిపతి అప్పుపత్రంలో ఈ ఊరిని సీజరు ప్రభువు గ్రామం అన్నారు. ఎనిమిదేళ్ళకు అదే ఊరు రోము మీద బార్ కోఖ్బా నడిపిన యూదుల తిరుగుబాటు నాయకుల కింద ఉంది. వాళ్ళలో ఒకడు బెయాన్ కొడుకు యెహోనాతాన్. మిర్యం తండ్రి పేరూ బెయానే. అన్నాచెల్లెళ్ళని చాలామంది పండితులు అంటారు. సవతి కుటుంబంతో వ్యాజ్యం నడుస్తున్నా, తిరుగుబాటు వచ్చేసరికి బబతా వాళ్ళ ఊరివాళ్ళతోనే దాక్కుంది.

బబతా దాక్కున్న గుహ నహల్ హేవెర్ అనే లోయలో ఉంది. నేను పటం చూసి చెప్పిన మొదటి లోయ తప్పు. అది నహల్ అరుగోత్. అరగంట నడిచాక గైడు నెమ్మదిగా, "మీరడిగింది ఇంకా దక్షిణాన ఉంది" అంది. వెనక్కొచ్చి కారెక్కాం. పిన్ని మోకాలు మొరాయించింది, నహల్ హేవెర్ దగ్గర కార్లోనే ఉంటానంది. మేమిద్దరం గులకరాళ్ళ మీద నడిచాం. హెబ్రోను కొండల మీద మబ్బు పట్టి ఉంది. వాన అక్కడ కురుస్తుంది, వరద ఇక్కడికి వస్తుంది, పైన ఆకాశం నీలంగా ఉండగానే. గైడు లోయమూతి దాటనివ్వలేదు. బతిమాలాను. ఆవిడ ఒప్పుకోలేదు.

అక్కడే నిలబెట్టి చెప్పింది. గుహ నిలువు కొండచరియలో ఉంది. తాడు లేకుండా అందదు. దానికి సరిగ్గా పైన మెట్టమీద రోమన్లు దండు దిగారు. దిగి చంపనక్కరలేదు, నీళ్ళకు పైకి రానివ్వకపోతే చాలు. 1960లో లోపల బార్ కోఖ్బా ఉత్తరాలు 15 దొరికాయి. మరుసటి ఏడు ఒక రాతి కింద బొరియలో నీళ్ళ తిత్తి, అందులో నూలు ఉండలు, ఆడవాళ్ళ వస్తువులు, తోలుసంచి. చివరగా ఇంకో మాట చెప్పింది: గుహలో ఒక మూల బుట్టల్లో పేర్చిన పుర్రెలు, ఎముకలు దొరికాయి. ముగ్గురు మగవాళ్ళు, ఎనిమిదిమంది ఆడవాళ్ళు, ఆరుగురు పిల్లలు.

తిరుగుదారిలో పిన్ని గుహ ఎలా ఉందని అడిగింది. కొండ చూశామని చెప్పాను. మేము ఊళ్ళోకి వచ్చేసరికి కొట్లు మూసేస్తున్నారు. ఆఖరి రొట్టెలు సగం ధరకిచ్చాడు ఒకాయన. సైరన్ మోగింది. వీధులు ఒక్కసారిగా సద్దుమణిగాయి.

జనవరి 15, ఇజ్రాయెల్ మ్యూజియం

గుహ సామాను ఇక్కడుంది. కంచు కూజాలు, అద్దం, పిడి ఉన్న కత్తులు, చెప్పులు, తాళంచెవులు. పిన్ని తాళంచెవుల దగ్గర చాలాసేపు నిలబడింది. అంత పొడుగు చెవులు. "ఇల్లు తాళం వేసుకుని వచ్చారు" అంది.

పత్రం ఎలా మడిచేవారో అక్కడి బల్లమీద టికెట్టు కాగితంతో పిన్నికి చేసి చూపించాను. ఒకే విషయం రెండుసార్లు రాస్తారు. పై భాగం చుట్టి దారాలతో కుట్టేస్తారు, వీపు మీద ఒక్కో దారం ముడి పక్కన ఒక్కో సాక్షి సంతకం పెడతాడు. కింది భాగం చదువుకోవడానికి తెరిచి ఉంటుంది. ఎవరైనా కింద దిద్దితే న్యాయాధికారి ముందు దారాలు తెంచి లోపలిది చూస్తారు.

"ఆఖరి కాగితం ఏదమ్మాయ్?" అంది.

రశీదు. 132 ఆగస్టు 19. అప్పటికి సంరక్షకుడు యోహాను బదులు అతని కొడుకు షిమోన్ వచ్చాడు. మూడు నెలల పోషణకు 6 డెనారీలు ముట్టినవని బబతా రాయించి ఇచ్చింది. నెలకు 6 అడిగింది ఏడేళ్ళ కిందట. మూడు నెలలకు 6 వచ్చింది. ఆ 2 డెనారీలు ఒక్క కాసు పెరగలేదు. తిరుగుబాటు మొదలైన ఏడాది అది.

"అయినా రశీదు దాచుకుంది" అంది పిన్ని. "మంచి పని చేసింది. వాడు పెద్దయ్యాక లెక్క అడగాలిగా."

కాసేపటికి మళ్ళీ అద్దాల పెట్టె వైపు తిరిగి, "124లో చంటివాడనుకున్నా 132కి ఎనిమిదేళ్ళవాడు. వాణ్ణి కూడా గుహకు తీసుకొచ్చిందా?" అని అడిగింది.

లోయమూతిలో గైడు చెప్పిన ఆఖరి మాట పిన్నికి ఇంకా చెప్పలేదు నేను. ఎండెక్కకముందే బయటి తోటలో కాసేపు కూర్చుందామని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.